ఎంవీపీ దేనితో కట్టాలి? వాట్సాప్, నో-కోడ్, ఏఐ, ఫ్రీలాన్సర్, సొంత టీమ్: ఎవరికి ఏది నప్పుతుంది

స్టార్టప్ ఆలోచన ఉంది, చేతిలో కొంత డబ్బుంది. ఎంవీపీ, అంటే ఆలోచన నిలుస్తుందో లేదో చూడటానికి చేసే కనీస మొదటి వెర్షన్, దేనితో చేయాలి? ఈ ప్రశ్నకు ఎవరిని అడిగితే వాళ్ళ వృత్తికి తగ్గ జవాబు వస్తుంది. కోడ్ రాసే ఫ్రెండ్ "రెండు నెలల్లో యాప్ కొట్టేద్దాం" అంటాడు. ఏజెన్సీ వాళ్ళు ముప్పై స్క్రీన్ల కొటేషన్ పంపుతారు. యూట్యూబ్‌లో ఒకాయన ఏఐతో ఒక్క పూటలో అయిపోతుందంటాడు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే వాళ్ళు చెప్పేది ఎలా కట్టాలో మాత్రమే. మీకు ముందు తెలియాల్సింది దేన్ని పరీక్షించడానికి కడుతున్నారో.

గాల్లో మాట్లాడుకోకుండా ఒక ఊహా వ్యాపారాన్ని వెంటబెట్టుకుని వెళ్దాం: వరికోత మిషన్ల బుకింగ్. కోతల సీజన్‌లో రైతుకు మిషన్ కావాలి. మిషన్ ఓనరుకు ఒకే ఊళ్ళో వరసగా పొలాలు దొరకాలి, లేకపోతే డీజిలంతా రోడ్డు మీదే అయిపోతుంది. మధ్యలో బ్రోకర్లు ఫోన్ల మీద పని నడిపిస్తారు. ఇందులోకి మీరు దిగాలనుకుంటున్నారు. ఒక మెలిక ఉంది, మీకు దొరికే కాలం సంవత్సరానికి రెండు సార్లే. వానాకాలం పంట కోత ఒకటి, యాసంగి లేదా దాళ్వా కోత ఇంకొకటి. యాప్ రెడీ అయ్యేసరికి కోతలు అయిపోతే మళ్ళీ నెలల తరబడి ఖాళీ.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, అన్నిటికంటే పెద్దది: ఈ వ్యాపారం పడిపోతే ఎక్కడ పడిపోతుంది? కోత మిషన్ల సంగతే చూడండి. రైతుకు మిషన్ కావాలా అన్నది అనుమానమే కాదు, ఇప్పటికే బ్రోకరు ద్వారా పిలిపించుకుంటున్నాడు. అసలు అనుమానాలు వేరే. ముక్కూమొహం తెలియని మీకు అడ్వాన్స్ ఇస్తాడా? పక్క ఊళ్ళో గంటకు వంద ఎక్కువిస్తామంటే మిషన్ ఓనరు మీకిచ్చిన తేదీ తప్పకుండా ఉంటాడా? ఈ రెండింటిలో దేనికీ జవాబు యాప్‌లో లేదు. ప్లే స్టోర్‌లో ఎంత అందమైన యాప్ పెట్టినా మిషన్ రాకపోతే రాదు.

ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ కథలోనూ ఇలాంటిదే జరిగింది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి టికెట్ దొరకని ఫణీంద్ర సామ, స్నేహితులతో కలిసి మొదట ట్రావెల్స్ వాళ్ళకు సీట్ల లెక్క చూసే సాఫ్ట్‌వేర్ ఇద్దామనుకున్నారు. వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. కొన్ని సీట్లు మాకివ్వండి, అమ్మిపెడతాం అంటే మాత్రం ఒప్పుకున్నారు. 2006లో కంపెనీ అలా కదిలింది. ప్రయాణికుడికి టికెట్ కావాలన్నది ముందే తెలిసిన సంగతి. తేలాల్సింది సీటు చేతిలో పెట్టుకున్నవాడు ఇస్తాడా లేదా అన్నది.

రెండోది, డబ్బిచ్చే మొదటి కస్టమరు దగ్గరికి ఎన్నాళ్ళలో చేరతారు. డౌన్‌లోడ్లు లెక్కలోకి రావు, బంధువులంతా డౌన్‌లోడ్ చేసి ఐదు స్టార్లు ఇస్తారు. మూడోది, మనసు మార్చుకోవడానికి అయ్యే ఖర్చు. మొదటి నెలలో మీ ఆలోచన రెండు మూడు సార్లు మారుతుంది. మారిన ప్రతిసారీ వాట్సాప్ మెసేజ్ మారిస్తే సరిపోతుందా, ఏజెన్సీకి "చేంజ్ రిక్వెస్ట్" బిల్లు కట్టాలా? నాలుగోది, తాళాలు ఎవరి చేతిలో ఉంటాయి: కోడ్, డొమైన్, కస్టమర్ల డేటా. ఐదోది, పొరపాటు జరిగితే నష్టం ఎంత. పికప్ గంట ఆలస్యమైతే సారీతో పోతుంది. మందు డోసు తప్పితే పోదు.

## ఒకటి: చేత్తో నడపడం

ఒక ఫోన్ నంబరు, వాట్సాప్ బిజినెస్, గూగుల్ షీట్, క్యూఆర్ కోడ్. సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పనంతా మీరే చేస్తారు, కస్టమరుకు మాత్రం సర్వీసు అందుతుంది. బెంగళూరులో డంజో 2015లో వాట్సాప్ మీదే మొదలైంది. జనం ఏం కావాలో మెసేజ్ పెడితే ఎవరో ఒకరు వెళ్ళి తెచ్చిచ్చేవారు. యాప్ తర్వాత వచ్చింది.

కోత మిషన్లకు ఇది ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఒక మండలంలో నాలుగైదు ఊళ్ళు చాలు. షీట్‌లో కాలమ్‌లు: రైతు, ఊరు, ఎకరాలు, పొలం ఆరిందా తడిగా ఉందా, కావాల్సిన తేదీ, అడ్వాన్స్, ఏ మిషన్, వచ్చిన టైము, నడిచిన గంటలు, మొత్తం. చివర్లో ఇంకో కాలమ్ పెట్టండి: "ఎందుకు కుదరలేదు". నా లెక్కలో షీట్ మొత్తానికీ విలువైన కాలమ్ అదే. వారం తిరిగేసరికి అందులో "పొలం తడిగా ఉంది, టైర్ మిషన్ దిగబడుతుంది, చైన్ మిషన్ లేదు", "వాన మబ్బు పట్టిందని ఈ రోజే కావాలన్నాడు", "ఓనరు ఫోనెత్తలేదు" లాంటి ముక్కలు కనిపిస్తాయి. పొద్దున్నే ఆరింటికి రైతు ఫోన్ చేసి "మిషన్ ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే, అతను డబ్బిస్తున్నది బుకింగ్‌కి కాదని, వాన పడేలోపు కోత అయిపోతుందన్న భరోసాకని మీకు అర్థమవుతుంది. యాప్‌తో మొదలుపెట్టి ఉంటే రెండు నెలలు బుకింగ్ స్క్రీన్ మీద కూర్చునేవాళ్ళు.

చిన్న ఇబ్బందులు తెలుసుకుని దిగండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మందే, అదీ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. కాబట్టి మొదటి కాల్‌లోనే "నంబరు సేవ్ చేసుకోండి" అనడం మర్చిపోవద్దు. మీ సొంత నంబరు వాడకండి, వేరే సిమ్ తీసుకోండి. లేకపోతే సీజన్ అయిపోయినా అర్ధరాత్రి ఫోన్లు ఆగవు.

దీనితో తేలనిది ఒకటుంది, లాభం. మీ శ్రమకు జీతం వేసుకోరు కాబట్టి లెక్క ఎప్పుడూ అందంగానే కనిపిస్తుంది. జనానికి కావాలన్న సంగతిలో డంజోకు ఎప్పుడూ అనుమానం లేదు. అయినా చివరికి నిధులు చాలక మూతపడింది. అందుకే మొదటి రోజు నుంచీ షీట్‌లో మీ గంటలకు కూడా ఒక కాలమ్ ఉంచండి.

## రెండు: ముందు బోర్డు, వెనక చేతులు

ఒక వెబ్‌పేజీ పెట్టి ఆర్డరో అడ్వాన్సో తీసుకోవడం, వెనక సరుకు లేకపోయినా. 1999లో నిక్ స్విన్‌మర్న్ అమెరికాలో చెప్పుల షాపులకు వెళ్ళి ఫొటోలు తీసి వెబ్‌సైట్లో పెట్టాడు. ఆర్డరు వస్తే షాపులో కొని పోస్టులో పంపాడు. అదే తర్వాత జాపోస్ అయింది, 2009లో అమెజాన్ కొనుక్కుంది. మన దగ్గర ఫ్లిప్‌కార్ట్‌కు 2007లో మొదటి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది, ఒక పుస్తకానికి. అది వాళ్ళ దగ్గర స్టాకులో లేదు. బెంగళూరు షాపుల్లో వెతికి తెచ్చి పంపారు.

కట్టడానికే నెలలు పట్టే ప్రోడక్ట్ అయితే వీడియో కూడా పనిచేస్తుంది. ఆన్‌లైన్‌లో ఫైళ్ళు దాచే డ్రాప్‌బాక్స్‌ను మొదలుపెట్టిన డ్రూ హ్యూస్టన్, ఫైళ్ళు ఎలా సింక్ అవుతాయో చూపించే చిన్న వీడియో పెడితే, వెయిటింగ్ లిస్టు ఒక్క రాత్రిలో 5,000 నుంచి 75,000కు పెరిగిందని ఆయనే చెప్పాడు.

ఈ దారిలో ఒక షరతు ఉంది. ఈమెయిల్ ఇవ్వడం వేరు, ఐదు వందలు ఇవ్వడం వేరు. మన దగ్గర మొహమాటానికి "బాగుంది, చేయండి" అనేవాళ్ళు చాలామంది, జేబులో చెయ్యి పెట్టేవాళ్ళు కొద్దిమంది. అడ్వాన్స్ అడగండి, రీఫండ్ ఎప్పుడిస్తారో అదే పేజీలో రాయండి. పేమెంట్ గేట్‌వే వాళ్ళు పాన్, బ్యాంకు ఖాతాతో పాటు సైట్లో రీఫండ్ నియమాలు కూడా చూస్తారు. వాళ్ళ చార్జీ సాధారణంగా రెండు శాతం దగ్గర ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొదటి యాభై మందికి మామూలు యూపీఐ క్యూఆర్ సరిపోతుంది.

కోత మిషన్లకు ఇది అంతగా అతకదు. రైతు వెబ్‌పేజీ చూసి అడ్వాన్స్ కట్టడు, మనిషిని చూసి కడతాడు. ఆన్‌లైన్ కోచింగ్, ప్రవాసులకు పంపే సరుకులు, చీరలు, ఆఫీసులకు అమ్మే సాఫ్ట్‌వేర్ వంటివాటికి బాగా కుదురుతుంది.

## మూడు: నో-కోడ్

కోడ్ రాయకుండానే యాప్ కట్టుకునే పనిముట్లు: గ్లైడ్, సాఫ్టర్, బబుల్, ఫ్లటర్‌ఫ్లో లాంటివి. ఇప్పటికే చేత్తో నడిపి షీట్ నిండిపోయిన వాళ్ళకు గ్లైడ్ లాంటిది సహజమైన తర్వాతి మెట్టు, అదే షీట్ మీద స్క్రీన్లు తొడగొచ్చు. బబుల్ ఇంకా చాలా చేస్తుంది కానీ నేర్చుకోవడానికి వారాలు పడతాయి. అంత ఓపిక ఉంటే సగం కోడింగ్ వచ్చేస్తుంది కదా అనిపిస్తుంది నాకు.

అద్దె నెలనెలా కట్టాలి, వాడేవాళ్ళు పెరిగితే అదీ పెరుగుతుంది. బబుల్‌లో కట్టింది బయటికి కోడ్‌గా తీసుకెళ్ళలేరు. ఫ్లటర్‌ఫ్లోలో డబ్బు కట్టే ప్లాన్ మీద కోడ్ దింపుకోవచ్చు. మొదటి ఆరు నెలలకు ఇది పెద్ద విషయం కాదు. పారేయడానికే కడుతున్నామన్న స్పష్టత ఉంటే చాలు.

## నాలుగు: ఏఐతో రాయించడం

లవబుల్, బోల్ట్, రెప్లిట్, కర్సర్. మాటల్లో చెబితే యాప్ వస్తుంది. నమూనా చూపించడానికి, ఆఫీసులో నలుగురు వాడే పనిముట్టుకు, పెట్టుబడిదారుడి ముందు డెమోకు ఇవి నిజంగా అద్భుతం. కిందటి తరానికి నెల పట్టే పని వారాంతంలో తేలిపోతుంది.

ప్రమాదం ఎక్కడంటే, బయటికి అన్నీ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి. డేటాబేస్ అనుమతులు తెరిచి వదిలేసినా, రహస్య కీ (పాస్‌వర్డ్ లాంటిది) అందరికీ కనపడేలా బ్రౌజర్లోకి జారిపోయినా స్క్రీన్ మీద ఏ తేడా ఉండదు. ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు వేర్వేరు ఖాతాలతో లాగిన్ అయి, ఒకరి ఆర్డరు లింకును ఇంకొకరి బ్రౌజర్లో తెరవండి. తెరుచుకుంటే ఆ రోజే ఆపేయండి. కస్టమర్ల ఫోన్ నంబర్లు, చిరునామాలు మీ దగ్గరున్నాయంటే 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం వాటి బాధ్యత మీదే. కోడ్ ఏఐ రాసిందన్న మాట అక్కడ చెల్లదు.

కోడింగ్ వచ్చినవాళ్ళకు ఇది మొదటి ఎంపిక కావచ్చు, తప్పు ఎక్కడుందో చదివి పట్టుకోగలరు. రానివాళ్ళు డబ్బు, ఆధార్, ఆరోగ్య వివరాల జోలికి పోకుండా వాడుకుంటే మంచిది.

## ఐదు: ఫ్రీలాన్సర్ లేదా ఏజెన్సీ

చేతిలో డబ్బు ఉండి టైము లేనివాళ్ళు సాధారణంగా ఇటే వస్తారు. ఎక్కువమంది చేయి కాల్చుకునేదీ ఇక్కడే. చేసేవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. ఏం కావాలో మీకే ఇంకా తెలియని దశలో, ఏం కావాలో రాసిస్తే చేసిపెట్టేవాళ్ళను పెట్టుకుంటారు, అదీ గొడవ. ముప్పై స్క్రీన్లూ వస్తాయి, అందులో వాడేవి మూడు.

అయినా వెళ్ళాల్సి వస్తే కొన్ని విషయాల్లో మొహమాటం వద్దు. డొమైన్, కోడ్ రిపాజిటరీ (కోడ్ దాచే చోటు), ప్లే కన్సోల్ (ప్లే స్టోర్‌లో యాప్ పెట్టే ఖాతా), క్లౌడ్ ఖాతాలు మీ ఈమెయిల్ మీదే తెరవండి, వాళ్ళకు యాక్సెస్ ఇవ్వండి. పని పూర్తయ్యాక ఖాతాలు ఇస్తామన్నవాళ్ళతో ఒప్పుకోకండి.

కాపీరైట్ సంగతి చాలామందికి తెలియదు. ఉద్యోగి రాసిన కోడ్ మామూలుగా యజమానిదే. బయటి ఫ్రీలాన్సర్ రాసింది మాత్రం, మీరు డబ్బు కట్టినంత మాత్రాన, మీదైపోదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. అందులో కాలం రాయకపోతే ఐదేళ్ళని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని లెక్క. అందుకే ఒప్పందంలో కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటికీ అని స్పష్టంగా రాయించుకోండి. పెట్టుబడి పెట్టేవాళ్ళ లాయరు మొదట అడిగే కాగితాల్లో ఇది ఉంటుంది. అప్పటికి ఆ ఫ్రీలాన్సర్ ఏ దేశంలో ఉంటాడో, ఎంత అడుగుతాడో!

చెల్లింపు నెలల లెక్కన కాకుండా పని ముక్కల లెక్కన పెట్టుకోండి. మొదటి ముక్క ఒక్కటే పని చేయాలి: ఒక రైతు, ఒక మిషన్, ఒక తేదీ. అది నిజమైన మనుషులు వాడాకే రెండో ముక్క.

## ఆరు: సొంత టీమ్, లేదా టెక్నికల్ కో-ఫౌండర్

సాఫ్ట్‌వేరే మీ అసలు సరుకైతే, అంటే ఆ లెక్క, ఆ మోడల్, ఆ వేగమే అమ్ముతుంటే, వేరే దారి లేదు. మిగతావాళ్ళకు మొదటి వెర్షన్ దశలో ఇది తొందరే అవుతుంది. కస్టమర్లు లేకుండా మంచి ఇంజనీరును రమ్మనడం కష్టం. యాభైమంది డబ్బిచ్చిన షీట్ చూపించి రమ్మంటే మాట వేరేలా ఉంటుంది. వాటా ఇచ్చేటప్పుడు మాత్రం నాలుగేళ్ళలో విడతలుగా, మొదటి ఏడాది దాటాకే మొదటి విడత అనే పద్ధతి పెట్టుకోండి. చిన్ననాటి స్నేహితుడైనా సరే.

## పక్కపక్కన పెట్టి చూస్తే

కాలం, ఖర్చు కాలమ్‌లు నా అంచనా, మీ పనిని బట్టి అటూఇటూ అవుతాయి.

| దారి | మొదటి కస్టమరు | జేబు ఖర్చు | మార్చడం | తేలేది | తేలనిది |
|---|---|---|---|---|---|
| చేత్తో | రోజుల్లో | వేలల్లో | ఆ పూటే | కావాలా, మాట నిలుస్తుందా | లాభం, పెద్ద ఎత్తున నడపడం |
| పేజీ + అడ్వాన్స్ | వారం పది రోజులు | వేలు, ప్రకటనల ఖర్చు | సులువు | డబ్బు ఇస్తారా | మళ్ళీ వస్తారా |
| నో-కోడ్ | రెండు నుంచి ఆరు వారాలు | నెలవారీ అద్దె | ఫరవాలేదు | మీరు పక్కన లేకుండా వాడతారా | భారీ లోడు |
| ఏఐ | రోజుల నుంచి వారాలు | తక్కువ | మొదట సులువు, పోనుపోను చిక్కు | స్క్రీన్లు అర్థమవుతున్నాయా | భద్రత |
| ఏజెన్సీ | రెండు మూడు నెలలు | లక్షల్లో | ప్రతి మార్పుకూ బిల్లు | పెద్దగా ఏమీ తేలదు | కస్టమరు మనసు |
| సొంత టీమ్ | నెలలు | జీతాలు లేదా వాటా | మీ చేతిలోనే | సాంకేతికంగా సాధ్యమా | కొనేవాళ్ళున్నారా |

ఏజెన్సీ వరసలో "పెద్దగా ఏమీ తేలదు" అని చూసి కోపం తెచ్చుకునేవాళ్ళుంటారు. కస్టమర్లు ముందే ఉన్న వ్యాపారానికి ఏజెన్సీ చక్కగా పనికొస్తుంది, ఎంవీపీకి కాదు అన్నదే నా మాట.

## యాప్ కట్టాలనుకునేవాళ్ళు లెక్కలో వేసుకోవాల్సిన రోజులు

ప్లే స్టోర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు, యాపిల్‌కు ఏడాదికి 99. డబ్బు కంటే రోజులు ముఖ్యం. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ప్లే ఖాతా అయితే, అందరికీ విడుదల చేసేముందు కనీసం 12 మంది టెస్టర్లతో 14 రోజులు ఆగకుండా క్లోజ్డ్ టెస్ట్ (పిలిచినవాళ్ళకు మాత్రమే యాప్ ఇచ్చి చూడటం) నడపాలి. తర్వాత రివ్యూ. కోతలు మొదలయ్యాక యాప్ అప్‌లోడ్ చేస్తే సీజన్ సగం ఇక్కడే పోతుంది. సంస్థ పేరు మీద తెరిస్తే డన్స్ నంబరు (సంస్థలకు ఇచ్చే గుర్తింపు నంబరు) కావాలి, దానికీ కొన్ని రోజులు పడుతుంది.

సొంతంగా ఎస్సెమ్మెస్ ఓటీపీ పంపాలంటే టెలికాం కంపెనీల డీఎల్‌టీ పోర్టల్లో (వ్యాపార మెసేజ్‌లు పంపేవాళ్ళను నమోదు చేసే చోటు) సంస్థ, హెడర్ (పంపేవాళ్ళ పేరు), మెసేజ్ టెంప్లేటు అన్నీ రిజిస్టర్ చేయించుకోవాలి. మొదటి వెర్షన్‌కు ఈ టెన్షన్ అవసరమా? ఫోన్ బ్రౌజర్లో తెరుచుకునే వెబ్‌పేజీ, గూగుల్ లాగిన్ చాలు. రెండు వేదికలు కట్టే ఆలోచన ఉంటే ఐఫోన్ సంగతి తర్వాత చూడండి, మన దేశంలో పదిలో తొమ్మిదికి పైగా ఫోన్లు ఆండ్రాయిడే. అమెరికా తెలుగువాళ్ళకు అమ్మే సరుకైతే ఈ లెక్క తిరగబడుతుంది.

## మీరెవరు?

హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్ళు కట్టేవాళ్ళు. మీకు కోడ్ రావడమే మీ ఇబ్బంది. కస్టమరుకు ఫోన్ చేయడం కంటే లాగిన్ పేజీ రాయడం హాయిగా ఉంటుంది. ఒకటో దారిలో మొదలుపెట్టండి, చేత్తో చేయడం విసుగొచ్చిన ముక్కను మాత్రమే ఏఐ సాయంతో కోడ్ చేయండి. ఉద్యోగ ఒప్పందంలో మీరు బయట రాసే కోడ్ మీద కంపెనీకి హక్కుందేమో చదవండి. ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఒక్క లైను కూడా రాయకండి.

వ్యాపారం తెలుసు, సాఫ్ట్‌వేర్ తెలియదు. మిషన్ ఓనరు కొడుకో, ఎరువుల షాపు వాళ్ళో అనుకుందాం. పరిచయాలే మీ పెట్టుబడి. ఒకటి, ఆ తర్వాత మూడు. ఏజెన్సీని ఏడాది దాకా తలుచుకోవద్దు.

ఇంజనీరింగ్ విద్యార్థులు. డబ్బు లేదు, టైము ఉంది. ఏఐతో కట్టండి, అయితే కాలేజీ హాస్టలే మీ మార్కెట్ కాని ఆలోచన పట్టుకోండి. స్నేహితులు మొహమాటానికి వాడిన యాప్‌తో ఏదీ తేలదు. హైదరాబాద్‌లో స్టార్టప్‌లకు చేయూతనిచ్చే టీ-హబ్ లాంటి చోట్లకు వెళ్ళినా అక్కడ అడిగేది కోడ్ గురించి తక్కువ, ఎవరు డబ్బిచ్చారన్నది ఎక్కువ.

అమెరికాలో ఉండి ఇక్కడ మొదలుపెట్టేవాళ్ళు. ఏజెన్సీకి డాలర్లు పంపడం తేలిక, అందుకే అది ఉచ్చు. ఆ డబ్బులో కొంత భాగంతో ఊళ్ళో ఒక మనిషిని సీజన్ అంతా జీతానికి పెట్టి షీట్ నడిపించండి. వారానికోసారి షీట్ చూసి ఊరుకోవడం కాదు, కాల్ రికార్డింగులు వినండి. అవతలివాళ్ళకు చెప్పి రికార్డు చేయాలి సుమా. వీసా మీద ఉంటే సొంత కంపెనీలో మీరు ఏ పని చేయొచ్చో లాయర్ని ముందే అడగండి.

వైద్యం, రుణాలు, పిల్లలకు సంబంధించినవి, పొరపాటైతే మనిషికి దెబ్బ తగిలే యంత్రాల తయారీ చేసేవాళ్ళు. పైన చెప్పిందంతా మీకు సగమే వర్తిస్తుంది. అక్కడ అరకొర వెర్షన్ బయట వదలకూడదు. డాక్టరు లేదా లైసెన్సున్న సంస్థ చేతి కింద, కొద్దిమందితో, చేత్తోనే నడపండి. సాఫ్ట్‌వేర్ నిర్ణయం తీసుకోకుండా మనిషికి గుర్తుచేసేంత వరకే ఉంచండి.

## దారి మారాల్సింది ఎప్పుడు

చేత్తో నడిపేవాళ్ళు రెండు రకాలుగా పొరపడతారు. కొందరు పది ఆర్డర్లకే యాప్ అంటారు. కొందరు షీట్ మీద మూడేళ్ళు ఈడుస్తారు. ఒకే పనిని రోజుకు పది సార్లు ఒకే రకంగా చేస్తూ, ఆలోచించాల్సిన అవసరం కూడా లేకుండా పోయిందంటే ఆ ముక్క సాఫ్ట్‌వేర్‌కు అప్పజెప్పొచ్చు. ప్రతిసారీ వేరేలా చేయాల్సి వస్తుంటే ఇంకా సమయం రాలేదు. కోత మిషన్లలో ముందుగా కోడ్‌లోకి వెళ్ళేది బహుశా బుకింగ్ కాదు, "మిషన్ ఎంతవరకు వచ్చింది" అన్నదానికి జవాబు. ఓనరు ఫోన్ నుంచి లైవ్ లొకేషన్ రైతుకు వెళ్తే పొద్దుటి ఫోన్లు సగం తగ్గుతాయి. దానికీ మొదట వాట్సాప్ లొకేషనే వాడి చూడొచ్చు.

మొదలుపెట్టకముందే ఆపేసే గీత కూడా కాగితం మీద రాసుకోండి, తేదీ వేసి, పార్ట్‌నర్ సంతకంతో. ఉదాహరణకు: కోతలు మొదలైన పది రోజుల్లో ముప్పైమంది రైతులు అడ్వాన్స్ ఇవ్వాలి. ఇచ్చిన తేదీకి మిషన్ వచ్చినవి పదింటిలో ఎనిమిదికి తగ్గకూడదు. మొదటిది తప్పితే రైతుకు మీరు అవసరం లేదు, బ్రోకరే మేలు. మొదటిది నిలిచి రెండోది తప్పితే మీ కస్టమరు రైతు కాదు, మిషన్ ఓనరు. వచ్చే సీజన్‌కు అతనికి వరస పొలాలు కుదిర్చిపెట్టే పనితో రండి. రెండూ నిలిస్తే తర్వాతి సీజన్‌కు పక్క మండలంలో, ఇంకో మనిషి చేత అదే షీట్ నడిపించి చూడండి. మీరు లేకుండా కూడా నడిస్తే అప్పుడు కోడ్ రాసేవాళ్ళ కోసం వెతకండి.